వాము వాసనకి బూజు బెదురుతుందా?

పోయిన కార్తీకమాసంలో మా డాబా మీది గులాబీలకి బూడిద తెగులు పట్టింది. లేత ఆకుల మీద ఎవరో ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి పూత. ఆకులు ముడుచుకుపోయాయి. మొగ్గలు విచ్చకుండానే ఆగిపోయాయి. ఆ మొక్కలు మా అత్తగారివి. పొద్దున్నే దేవుడికి పువ్వు కోయడంతోనే ఆవిడ రోజు మొదలవుతుంది. రెండు రోజులు ఖాళీ సజ్జతో కిందికి దిగొచ్చి, మూడోరోజు, "ఏమ్మా, వీటికేదన్నా మందు తెచ్చి కొట్టకూడదూ?" అన్నారు.

మందంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. మాది అనంతపురం జిల్లాలో ఓ పల్లె. పురుగుమందు డబ్బాల గురించి విన్న కథలు ఒక పట్టాన మర్చిపోయేవి కావు. అందుకని నేనో తెలివైన పని చేశాననుకున్నాను. లవంగ నూనె బూజుని చంపుతుందని ఎక్కడో చదివిన గుర్తు. పంటినొప్పికని తెచ్చిన సీసా ఇంట్లో ఉండనే ఉంది. మగ్గుడు నీళ్లలో ఓ చెంచాడు ఒంపి, గిలక్కొట్టి, మిట్టమధ్యాహ్నం వేళ మొక్కలన్నిటికీ కొట్టేశాను.

మర్నాటికి బూడిద సంగతేమో గానీ, ఆకులు మాత్రం వాత పెట్టినట్టు మాడిపోయాయి! అత్తగారు ఒక్క మాటా అనలేదు. అనకపోతే ఎలా ఉంటుందో కోడళ్లకి నేను చెప్పాలా?

ఆ ఆదివారం నా కాలేజీ స్నేహితురాలు ఇంటికొచ్చింది. మొక్కల తెగుళ్ల మీద పరిశోధన చేసిన మనిషి. డాబా ఎక్కి చూసి పకపకా నవ్వింది. "బూజుకి మందు వెయ్యలేదే నువ్వు, మొక్కకి శిక్ష వేశావు" అంది. తర్వాత వంటింట్లో గట్టెక్కి కూర్చుని నా పోపులపెట్టె తెరిచి పాఠం మొదలెట్టింది. ఆ పాఠం గులాబీల దగ్గర మొదలై, నేనసలు అనుకోని చోటికి వెళ్లింది. అదే మీతో చెప్పాలని ఈ నాలుగు మాటలూ.

పోపులపెట్టెలో మందుల షాపు

వాము నలిపితే ఘాటైన వాసన వస్తుంది కదా, అది థైమాల్ అనే పదార్థానిది. దాన్నే మన పెద్దవాళ్లు వాముపువ్వు అన్నారు. వాముపువ్వు, పుదీనాపువ్వు, కర్పూరం ఈ మూడు గట్టి పదార్థాల్నీ ఒక సీసాలో వేసి మూత పెడితే, చుక్క నీళ్లు పొయ్యకుండానే కరిగి ద్రవమైపోతాయి. అమృతధార అంటే అదే. మా ఇంట్లో కడుపునొప్పికీ, తలనొప్పికీ అదే వైద్యం. ఆ వాముపువ్వే బూజుకి బద్ధశత్రువని మాత్రం నాకు అప్పటిదాకా తెలియదు.

లవంగంలో ఉండేది యూజెనాల్. తులసిలోనూ ఉంటుంది. నిమ్మగడ్డిలో సిట్రాల్. దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్. పేర్లు నోరు తిరగకపోయినా వాసనలు మనకి కొత్తవి కావు. ఈ నూనెలు వేరుశనగ నూనెలా గానుగాడితే వచ్చేవి కావు. ఆకునో గింజనో ఆవిరి మీద ఉడికించి, ఆ ఆవిరిని చల్లబరిస్తే నీళ్లూ నూనే విడివిడిగా తేలతాయి. ఇడ్లీపాత్ర మూతకింద చేరే చెమట లాంటిదన్నమాట. లవంగాలు కిలో పెడితే 150 నుంచి 200 గ్రాముల నూనె రావచ్చు. వాము కిలోకి 20 నుంచి 40 గ్రాములు. తులసాకుకైతే పది గ్రాములు కూడా రాదు. అందుకే అవి అంత ఖరీదు.

వాము మనకి పరాయి పంట కూడా కాదు. కర్నూలు నల్లరేగళ్లలో వాన మీదే ఆధారపడి పండిస్తారు.

అయినా మొక్క ఇంత ఘాటు ఎందుకు తయారుచేసుకుంటుంది? మన కూరల రుచి కోసమైతే కాదు! పురుగుకీ, బూజుకీ ఎదురు నిలబడ్డానికి. ఆ ఘాటు తనకే తగలకుండా నూనెని మామూలు కణాల్లో కలవనివ్వదు, విడిగా చిన్న చిన్న తిత్తుల్లో దాచుకుంటుంది. నలిపితేనే వాసన రావడానికి కారణం అదే. నలిగినప్పుడు ఆ తిత్తి పగులుతుంది.

బూజు ఎలా చస్తుందంటే

బూజు అంటే దారపు పోగుల్లాంటి సన్నటి తంతువుల అల్లిక. ప్రతి పోగులోని కణానికీ కొవ్వు పదార్థాలతో చేసిన సన్నటి పొర ఉంటుంది. సుగంధతైలం కొవ్వులో ఇట్టే కలిసిపోతుంది. పొరలోకి దూరి దాన్ని వదులు చేస్తుంది. పొర వదులైతే లోపలున్న సరుకంతా బయటికి కారిపోతుంది. చిల్లుపడ్డ కుండ ఎంతసేపని నిలుస్తుంది?

"మరి నా గులాబీ ఆకులెందుకు మాడాయి?" అన్నాను.

"ఆకు కణానికీ అలాంటి పొరే ఉందిగా! నీ చెంచాడు నూనెకి బూజెవరో, ఆకెవరో తేడా తెలుస్తుందా? పైగా సబ్బైనా కలపలేదు. నూనె నీళ్లలో కలవక చుక్కలు చుక్కలుగా వెళ్లి ఆకు మీద కూర్చుంది. అది చాలక మిట్టమధ్యాహ్నపు ఎండ."

ఒకే ఒక్క తప్పు చేశాననుకున్నాను. లెక్కేస్తే మూడయ్యాయి.

పళ్లెంలో గెలిచింది, పొలంలో ఎందుకు గెలవలేదు?

మరి ఇంత మంచి మందు చేతిలో ఉండగా రైతులెందుకు వాడరు? ఇదీ నా రెండో ప్రశ్న.

శిలీంధ్రాల మందుల కథ వింటే కాస్త విచిత్రంగా ఉంటుంది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతంలో దారిన పోయేవాళ్లు ద్రాక్షపళ్లు కోసుకోకుండా, రోడ్డు పక్క తీగలకి మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవారట. పూసిన తీగలకి తెగులు రాలేదు, పూయని వాటికి వచ్చింది. మిలార్డె అనే శాస్త్రవేత్త అది కనిపెట్టి, 1885లో ఆ మందుని లోకానికి చెప్పాడు. మన రైతులు ఇప్పటికీ వాడే బోర్డో మిశ్రమం అదే. దొంగల కోసం పూసింది తెగులుని పట్టించింది!

మైలుతుత్తం ఆకుని పట్టుకుని రోజుల తరబడి ఉంటుంది. సుగంధతైలం అలా కాదు. వాసన అంటేనే ఎగిరిపోయే గుణం. పొద్దున కొడితే సాయంత్రానికి గాలిలో కలిసిపోతుంది. ప్రయోగశాలలో మూతపెట్టిన గాజుపళ్లెంలో బూజు పెంచి, దానికి తైలం కలిపి చూస్తే బూజు కదలకుండా ఆగిపోతుంది. అదే తైలం పొలంలో ఎండకీ, గాలికీ, వానకీ నిలవాలి. ఎకరాలకి సరిపడా తైలం కొనాలంటే ఏ సన్నకారు రైతు వల్లా కాదు. అలాగని పొలంలో పనికేరాదనీ కాదు. ఆస్ట్రేలియా చెట్టయిన టీ ట్రీ నూనెతో తయారైన తెగులుమందు కొన్ని దేశాల్లో తోటలకి కొడుతున్నారు. నూనె నిలకడగా ఉండేలా దాన్ని ప్రత్యేకంగా తయారుచేస్తారు. ఇంట్లో చెంచాతో కలిపేది కాదన్నమాట.

"మరైతే ఎక్కడ బాగా పనిచేస్తుంది?"

"గాజుపళ్లెంలాగే మూత ఉన్నచోట. అంటే గింజలు దాచే చోట" అంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రవేత్తలు నిలవచేసిన ధాన్యాల్లో బూజు పట్టకుండా ఈ తైలాలు ఎలా కాపాడతాయో ఏళ్ల తరబడి పరిశోధించారట.

ఆ మాట అంటూనే నా చేతిలో ఉన్న చేట వైపు చూసింది.

ఆ కవరు ఎవరికి?

నేను చట్నీకి పల్లీలు ఏరుతున్నాను. మా ఊళ్లో బుడ్డలంటాం, హైదరాబాదులో పల్లీలు, పేపర్లో వేరుశనగ. ముడుచుకుపోయినవీ, పచ్చగా, నల్లగా బూజు పట్టినవీ వేరే కవర్లో వేస్తున్నాను.

"అవేం చేస్తావు?"

"మా పనావిడకి ఇస్తాను. వేయించుకుని తింటారు."

నా స్నేహితురాలి ముఖంలో నవ్వు పోయింది.

వేరుశనగ మీద పచ్చగా కనిపించే ఆ బూజు పేరు యాస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది తయారుచేసే విషం అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లాండులో లక్షకి పైగా టర్కీకోళ్లు ఎందుకు చచ్చిపోతున్నాయో తెలియక తలలు పట్టుకున్నారు. చివరికి చూస్తే దాణాలో కలిపిన వేరుశనగపిండిలో ఈ విషం బయటపడింది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో గిరిజనులు వానకి తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలు వారాల తరబడి తిన్నారు. కామెర్లొచ్చి, పొట్టలుబ్బి వందమందికి పైగా చనిపోయారు. కారణం తేల్చింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. తినడానికి వేరే గింజ లేకే ఆ గింజలు తిన్నారు వాళ్లు.

ఈ విషం లివరుని దెబ్బతీస్తుంది. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తిన్నా కేన్సరుకి దారి తీస్తుంది. మన ఆహార ప్రమాణాల ప్రకారం వేరుశనగలో వంద కోట్ల భాగాలకి పది, పదిహేను భాగాల దగ్గరే హద్దు గీశారంటే ఎంత చెడ్డదో చూడండి. ఉడికించినా, వేయించినా పోదు. బూజు చస్తుంది గానీ అది వదిలిన విషం అలాగే ఉంటుంది. బూజు పట్టిన వాటి చెక్క పశువులకి పెడితే పాలలోకీ వస్తుంది.

"వేయించితే పోతుందనుకున్నానే..." నా గొంతు నాకే వినపడలేదు.

నిజం చెప్పొద్దూ, ఇది నా ఒక్కదాని అలవాటు కాదు. మా అమ్మ నుంచి వచ్చింది. మా ఇంట్లో పంట ఇంటికొచ్చాక బుడ్డలు నాలుగు కుప్పలు చేసేవాళ్లు. గట్టి కాయలు విత్తనానికి. తర్వాతవి మండీకి. మూడో రకం ఇంట్లో నూనెకీ, వంటకీ. నాలుగోది పుచ్చులూ, బూజులూ. కాయలు ఒలవడానికొచ్చిన ఆడవాళ్లకి సాయంత్రం కూలీతోపాటు అమ్మ ఆ గంపలోంచి తలా దోసెడు పెట్టేది. అమ్మది రాతిగుండె కాదు. తిండిగింజ పారేస్తే పాపం అనుకునేది. వాళ్లు కొంగులు పట్టి తీసుకుంటుంటే దానం చేసినట్టే ఉండేది. ఆ దోసిట్లో ఏముందో అమ్మకీ తెలీదు, వాళ్లకీ తెలీదు. తెలిసినవాళ్లం ఇప్పుడు మనమున్నాం.

మర్నాడు మా పనావిడ రాగానే అడిగాను, "పోయినవారం ఇచ్చిన పల్లీలు ఉన్నాయా?" అని.

"యాడియమ్మా, మొన్ననే తొక్కు నూరిన. పిల్లలు మంచిగ తిన్నరు" అంది సంతోషంగా.

ఏం చెప్పను? స్నేహితురాలికి ఫోన్ చేస్తే, "ఒక్కసారి తిన్నదానికి అంత భయపడకు, అలవాటుగా తినడంలోనే అసలు ప్రమాదం" అంది. ఒక్కసారేనా? ఎన్ని కవర్లిచ్చానో నాకు గుర్తుంది. కూర్చోబెట్టి విషయమంతా చెప్పాను. నా తప్పని కూడా చెప్పాను. ఆవిడ కాసేపు నేల చూపులు చూసి, "నువ్వు ఇయ్యకపోతే కిరాణా కొట్ల అవే సస్తగ అమ్ముతరు గదమ్మా" అంది. ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

మా మరదలి నాలుగు డబ్బాలు

అదే వారం మా మరదలికి ఫోన్లో ఇదంతా చెప్పాను. అది ఇంటర్ చదివి, పెళ్లయి పొలంలో దిగిన పిల్ల. "నువ్వు జెప్పింది బానే ఉంది గానీ వదినా, నేను జేసి సూస్తా" అంది. నేను పంపిన లవంగ నూనెతో నాలుగు డబ్బాలు సిద్ధం చేసింది. రెండింట్లో బాగా ఎండిన కాయలు, రెండింట్లో ఇంకా పచ్చిగా ఉన్నవి. ఒక్కో జతలో ఒకదాంట్లో మాత్రం దూదికి నాలుగు చుక్కల తైలం అద్ది పెట్టింది. అన్నిటికీ మూత బిగించింది.

పదిరోజులకి తైలం లేని పచ్చికాయల డబ్బాలో బూజు. తైలం పెట్టిన పచ్చికాయలు శుభ్రంగా ఉన్నాయి. నేను ఇక్కడ ఎగిరి గంతేశాను! కానీ సంక్రాంతికి మూత తీస్తే వాసన తగ్గిపోయింది, వాటికీ బూజు వచ్చింది. మరి ఎండిన కాయలో? తైలం ఉన్న డబ్బాలోనూ బూజు లేదు, లేని డబ్బాలోనూ లేదు.

"అంతే గదా వదినా! సుట్టమొచ్చి నాల్రోజులు కాపలా కాస్తాడు. ఇంటికాడ ఉండేది ఎండే" అంది మరదలు. ఇంత చక్కగా నా స్నేహితురాలు కూడా చెప్పలేదు.

ఇంకో సంగతీ గమనించింది. తైలం పెట్టిన గింజల్ని తడిగుడ్డలో మూటకట్టి మొలక చూస్తే, కొన్ని ఆలస్యంగా మొలిచాయి. దూదికి పట్టించిన ఘాటు ఎక్కువైందేమో. కాబట్టి విత్తనానికి తైలం వాడాలంటే ముందు కొద్ది గింజల మీద చూసుకోవాల్సిందే.

మాటల్లో అది చెప్పిన ఇంకో విషయం నా మనసులో ఉండిపోయింది. విత్తే ముందు విత్తనానికి తెగులుమందు పట్టించేది అదే, ఉత్త చేతుల్తో. "రెండ్రోజులు అన్నం కలుపుకున్యా అదే వాసన వదినా" అంది. మా తమ్ముడు మంచివాడే. మందు ఏది కొనాలో, ఎంత వెయ్యాలో అన్నీ అడిగి తెలుసుకుంటాడు. కలిపే చేతుల గురించి మాత్రం ఎవరూ ఏమీ అడగరు. తైలంతో ఆ మందు అవసరమే లేకుండా పోతుందని ఆశపడ్డాను. కుదరదని స్నేహితురాలు ఖండితంగా చెప్పింది. మట్టిలోని తెగులు నుంచి మొలకని తైలం కాపాడలేదట. ట్రైకోడెర్మా అనే మంచి శిలీంధ్రం పొడి విత్తనానికి పట్టిస్తే కొన్ని తెగుళ్లకి అదే అడ్డుకట్ట. రసాయనం తప్పనిసరైతే చేతికి తొడుగులు, ముక్కుకి గుడ్డ, తిప్పడానికి మూతున్న డ్రమ్ము.

ఈ జూన్‌లో మా తమ్ముడు విత్తనాలతోపాటు రబ్బరు తొడుగులు తెచ్చాడు. ఇన్నేళ్ల సేద్యంలో మొదటిసారి.

మీరూ చేసి చూడండి

* కుండీల్లో బూడిద తెగులు కనిపిస్తే ముందు తెగులాకులు తుంచి కవర్లో కట్టి పారెయ్యండి. కొమ్మల మధ్య గాలి, ఎండ తగిలేలా చూడండి. సగం పని అక్కడే అవుతుంది.

* లవంగ నూనెగానీ, నిమ్మగడ్డి నూనెగానీ లీటరు నీటికి ఒక మిల్లీలీటరు మించకూడదు. ముందు కాస్త సబ్బునీళ్లలో నూనెని బాగా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పొయ్యండి. కొట్టేటప్పుడు మధ్యమధ్యలో సీసా ఊపుతూ ఉండాలి.

* ముందు ఒకటి రెండు ఆకుల మీద కొట్టి రెండు రోజులు ఆగండి. మాడకపోతేనే మిగతావాటికి. ఎప్పుడైనా ఎండ దిగాకే. వారానికోసారి మళ్లీ కొట్టాలి. తెగులు ముదిరాక కాదు, కనపడగానే.

* సీసాని పిల్లలకి అందకుండా పెట్టండి. ఈ నూనెలు చర్మాన్నీ, కళ్లనీ మండిస్తాయి. 'సహజం' అన్నంత మాత్రాన సాధువు కాదు.

* తెగులుమందు పేరుతో తైలం సీసాలు అమ్మితే లేబులు చూడండి. మన దేశంలో తెగుళ్ల మందు ఏదైనా 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్టరు కావాలి.

* వేరుశనగ కాయలు ఊపితే లోపల గింజ గలగలలాడేదాకా ఎండాలి. తడినేల మీద మూటలు పెట్టకండి.

* బూజు పట్టిన, ముడుచుకున్న, రంగు మారిన పల్లీలు ఎవరికీ పెట్టకండి. మనుషులకీ, గేదెకీ, కోళ్లకీ కూడా. ఏ తైలమూ, ఏ మూకుడూ వాటిని బాగుచెయ్యలేవు. పూడ్చిపెట్టండి.

గులాబీలు ఏమయ్యాయంటారా? మాడిన కొమ్మలన్నీ కత్తిరించేశాం. కొత్త చిగుళ్లకి లెక్క ప్రకారం, సాయంత్రం పూట కొట్టాను. బూడిద పూర్తిగా పోయిందని చెప్పను గానీ, మాఘమాసానికి పూలొచ్చాయి. అత్తగారు మొదటి పువ్వు దేవుడికి పెట్టి, రెండోది నా చేతిలో పెట్టారు. మాట్లాడకుండానే.

ఇప్పుడు మా ఇంట్లో పల్లీల డబ్బా ఒక్కటే. పనావిడకి ఇచ్చేటప్పుడూ అందులోంచే తీస్తాను. ఏరిన కవరు తిన్నగా చెత్తబుట్టలోకి పోతుంది. మొన్న మా అమ్మ వచ్చినప్పుడు అది చూసి, "గింజలు పారేస్తున్నావేంటే, పాపం కదూ!" అంది.

పక్కన కూర్చోబెట్టుకుని అమ్మకి మొదట్నుంచీ చెప్పాను. అంతా విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, కాయలు ఒలవడానికొచ్చే ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తల్చుకోవడం మొదలుపెట్టింది.